లీగ్ పాస్ మళ్లీ రెన్యూ చేశా: జయాన్ కోసం కొన్నవాడి రివ్యూ

ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, దాని మ్యాచ్‌లు చూపించే లీగ్ పాస్ రెన్యూ చెయ్యమని మెసేజ్ వచ్చి పది రోజులైంది. ప్రతి ఏడాదీ వచ్చిన రోజే డబ్బులు కట్టేసేవాణ్ణి, ఈ 2025 అక్టోబర్‌లో మాత్రం ఆగి ఆలోచించా. ఎందుకంటే నేను ఈ సబ్‌స్క్రిప్షన్ కొన్నది ముప్పై టీమ్‌ల కోసం కాదు, ఒక్క మనిషి కోసం. న్యూ ఆర్లీన్స్ పెలికన్స్‌లో ఆడే జయాన్ విలియమ్సన్. ఆరు సీజన్లలో ఆయన ఆడింది 214 మ్యాచ్‌లు, టీమ్ ఆడింది 472. అంటే వందకి నలభై అయిదు. నేను పొద్దున్నే లేచిన రోజుల్లో సగానికి పైగా ఆయన బెంచ్ పక్కన మామూలు బట్టల్లో కూర్చుని ఉన్నాడన్నమాట. కాబట్టి ఇది యాప్ రివ్యూనే గానీ, అసలు ఆ టీమ్ ఈ కుర్రాణ్ణి ఉంచుకోవాలా వదిలేయాలా అనేది తేలకుండా నాకు యాప్ గురించి కూడా ఏమీ తేలదు, అందుకే రెండూ కలిపే రాస్తున్నా.

ముందు యాప్ సంగతి చెప్పేస్తా, అది తొందరగా అయిపోతుంది.

తెలీనివాళ్లకి, లీగ్ పాస్ అంటే ఎన్‌బీఏ వాళ్ల సొంత యాప్‌లో డబ్బులు కట్టి చూసేది. ఒక్కో టీమ్ సీజన్‌లో ఆడే 82 మ్యాచ్‌లు లైవ్‌గా గానీ తర్వాత గానీ చూసుకోవచ్చు. విజయవాడలో కూర్చుని చూసేవాళ్లకి టైమింగ్ బాగా కుదురుతుంది, ఇది చాలామందికి తెలీదు. అమెరికా అంటే అర్ధరాత్రి మేలుకోవాలేమో అనుకుంటారు. న్యూ ఆర్లీన్స్‌లో రాత్రి ఏడింటి మ్యాచ్ అంటే మనకి అక్టోబర్‌లో పొద్దున అయిదున్నర, నవంబర్ మొదట్లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక ఆరున్నర. చలికాలం అంతా పొద్దున కాఫీతో మొదలుపెట్టి ఆఫీసుకి బయల్దేరే టైముకి నాలుగో క్వార్టర్ అయిపోతుంది. లాస్ ఏంజిలెస్ టీమ్‌ల ఫ్యాన్స్‌కి ఈ అదృష్టం లేదు, వాళ్ల మ్యాచ్‌లు మన ఎనిమిదింటికో ఎనిమిదిన్నరకో మొదలవుతాయి, ఆఫీసు టైమ్.

ఆఫీసు ఎక్కువున్న రోజుల్లో స్కోర్లు కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసి రాత్రి ఇంటికొచ్చాక చూస్తా. మొత్తం రెండున్నర గంటలు కుదరకపోతే కుదించిన వెర్షన్ ఉంటుంది, టైమ్ అవుట్లు, ఫ్రీ త్రోల మధ్య గ్యాప్‌లు తీసేసి ఆట మాత్రం వస్తుంది. కామెంట్రీ ఏ టీమ్‌ది కావాలంటే అది పెట్టుకోవచ్చు. నేను పెలికన్స్ వాళ్లదే పెడతా, ఆంటోనియో డేనియల్స్ ఉంటాడు అందులో, 1999లో స్పర్స్ టీమ్‌లో ఉండి టైటిల్ గెలిచిన మాజీ ఆటగాడు, డిఫెన్స్‌లో ఎవరు ఎక్కడ ఒక అడుగు ఆలస్యమయ్యారో చెప్తుంటే కోచింగ్ క్లాసులో కూర్చున్నట్టే ఉంటుంది. మా అక్క కొడుకు ఆయన మాటలు వినీ వినీ హెల్ప్ డిఫెన్స్ అంటే ఏంటో నాకే చెప్తున్నాడు.

క్వాలిటీ గురించి కంప్లైంట్ ఏమీ లేదు. మధ్యలో ఆగిపోయిన రోజులు ఉన్నాయి కానీ అది మా వీధి కేబుల్ నెట్ వల్ల, ఫోన్ డేటాకి మార్చితే నడిచేది. రేటు ఇక్కడ రాయట్లేదు, ఏటా మారుతుంది, సీజన్ సగమయ్యాక తగ్గిస్తుంటారు కూడా, కొనేముందు మీరే చూసుకోండి. బాస్కెట్‌బాల్ నిజంగా ఇష్టమున్నవాళ్లకి యాప్‌గా అయిదుకి నాలుగున్నర కళ్లు మూసుకుని ఇస్తా.

కానీ నాలాగా ఒక్క ఆటగాడి కోసం కొనేవాళ్ల సంగతి వేరు. ఇంజురీ రిపోర్ట్ అని ఒకటి ఉంటుంది, ప్రతి టీమ్ ముందురోజే ఎవరు ఆడతారు ఎవరు డౌటు అనేది లీగ్‌కి చెప్పాలి. మేము రాత్రి పడుకునే ముందు అది చూస్తాం. ప్రాబబుల్ అని ఉంటే అలారం. క్వశ్చనబుల్ అని ఉంటే కూడా అలారమే. అవుట్ అని ఉంటే మా వాడి, అదే మా అక్క కొడుకు, మొహం చూడలేం. వాడు మూడో క్లాసులో ఉన్నప్పుడు మొదలైంది ఇది, ఇప్పుడు తొమ్మిదో క్లాసు. ఆరేళ్లు ఆ మూడు మాటల చుట్టూ తిరిగాం.

అసలు ఇంత ఓపిక ఎందుకు అంటే, చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పడం కష్టం. ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, టీమ్ రాసుకునే బరువే 284 పౌండ్లు, అంటే దాదాపు 129 కేజీలు. ఆ బరువు మనిషి, చురుగ్గా బాల్ నడిపించే గార్డులాగా బాల్ కొట్టుకుంటూ వచ్చి, ఎడమచేత్తో రింగ్ దగ్గర వేసి, అది మిస్ అయితే చుట్టూ ఉన్నవాళ్లు ఇంకా కిందకి దిగుతుండగానే రెండోసారి ఎగిరి మళ్లీ వేస్తాడు. ఆ రెండో ఎగురుడే ఆయన ఆట. మన దగ్గర కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లకి తెలుసు, పివట్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు, ఒకసారి ఎగిరి దిగాక మళ్లీ లేవాలంటే మోకాళ్లు ఒంచి ఊపిరి తీసుకుని లేవాలి. ఈయనకి ఆ ఒంచడమే ఉండదు, నేల తగలగానే పైకి. 2020-21లో స్టాన్ వాన్ గండీ కోచ్‌గా ఉన్నప్పుడు బాల్ ఈయన చేతికే ఇచ్చి పాయింట్ గార్డులా ఆడించారు, మ్యాచ్‌కి 27 పాయింట్లు, వేసినవాటిలో వందకి 61 పడ్డాయి, అందులో 20కి పైగా పాయింట్లు పెయింట్ లోపలే, అంటే రింగ్ ముందు గీసిన పెట్టెలోనే. అందరూ దూరం నుంచి త్రీ పాయింటర్లు, అంటే మూడు పాయింట్ల షాట్లు, వేసే కాలంలో ఒకడు అందరికీ తెలిసిన ఒకే దారిలో వచ్చి, అందరూ కాచుకుని ఉండగా అదే చోట వేసి వెళ్లాడు. అప్పుడాయన వయసు ఇరవై.

డ్యూక్ యూనివర్సిటీకి ఆడుతున్నప్పుడే జనానికి తెలుసు. 2019 ఫిబ్రవరి 20న నార్త్ కరోలైనాతో మ్యాచ్, ఒబామా కూడా వచ్చి కూర్చున్నాడు, మొదటి నిమిషం పూర్తికాకముందే పక్కకి తిరగబోతే కాలి షూ చిరిగిపోయి పాదం బయటకొచ్చింది, మోకాలు బెణికింది. మూడు వారాలు ఆగి తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లో సిరక్యూస్ మీద 13 షాట్లు వేస్తే 13 పడ్డాయి, 29 పాయింట్లు. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి పిక్. ఎక్కువ ఓడిన టీమ్‌లకి ముందు వంతు దొరికే ఛాన్స్ ఎక్కువ, ఎవరిదనేది లాటరీ తేలుస్తుంది. పెలికన్స్‌కి ఆ లాటరీ తగిలే ఛాన్స్ నూటికి ఆరే, తగిలింది.

అక్కడ్నుంచి లెక్క ఇలా నడిచింది. సీజన్ మొదలయ్యేముందే కుడి మోకాలి గుజ్జు, మెనిస్కస్ అంటారు, దానికి ఆపరేషన్, 44 మ్యాచ్‌లు పోయాయి. 2020 జనవరి 22న స్పర్స్ మీద మొదటిసారి దిగాడు, మూడు క్వార్టర్లు తడబడి నాలుగో క్వార్టర్‌లో మూడు నిమిషాల్లో వరసగా 17 పాయింట్లు కొట్టాడు, అందులో నాలుగు త్రీలు, ఒక్కటీ తప్పలేదు, ఇక అప్పుడు నిమిషాల లిమిట్ దాటకూడదని బయటికి తీసుకున్నారు. 18 నిమిషాలు, 22 పాయింట్లు, మ్యాచ్ ఓడిపోయారు. ఆ రోజు నేను లీగ్ పాస్ కొన్నా, ఆ మ్యాచ్ రీప్లే కోసమే. ఆ సీజన్ మొత్తం 24 మ్యాచ్‌లు. తర్వాత 61. తర్వాత కుడి పాదం అయిదో ఎముక విరిగి ఏడాది మొత్తం సున్నా. తర్వాత 29. తర్వాత 70. తర్వాత 30.

ఆ పాదం ఎముక గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అప్పట్లో చాలామంది బద్ధకం, తిండి అని రకరకాలుగా తిట్టారు. చిటికెన వేలు వైపు పాదం పక్కన ఉండే ఎముక అది, దాని మొదలు దగ్గర ఒక చోట రక్తం సరఫరా తక్కువ, అక్కడ విరిగితే అతుక్కోవడం చాలా నెమ్మది. జోన్స్ ఫ్రాక్చర్ అంటారు. స్క్రూ వేసినా నెలలు పడుతుంది, తొందరపడితే మళ్లీ విరుగుతుంది. ఆయన్ది అనుకున్న టైముకి అతుక్కోలేదు, డిసెంబర్‌లో మళ్లీ ఎముక పెరగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. బరువు దాన్ని కష్టం చేసి ఉండొచ్చు, నేను కాదనను, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు పాదం మీద పడేది ఒంటి బరువుకి ఎన్నో రెట్లు. కానీ ఎముక అతుక్కోకపోవడం బద్ధకం కాదు.

మిగతావి ఎక్కువ హామ్‌స్ట్రింగ్, తొడ వెనక కండరం. 2023 జనవరి 2న ఫిలడెల్ఫియాలో కుడి తొడ పట్టేసింది, అప్పటికి టీమ్ వెస్ట్ విభాగంలో పై వరసలో ఉంది, డిసెంబర్‌లో కొన్నాళ్లు మొదటి స్థానంలో కూడా ఉన్నారు. ఆ రోజు తర్వాత ఆయన ఆ సీజన్‌లో ఆడలేదు, టీమ్ 42 గెలిచి 40 ఓడి, ప్లే-ఇన్‌లోనే, అంటే టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో చివరి చోట్ల కోసం ఆడే మ్యాచ్‌ల్లోనే, ఇంటికొచ్చింది. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి 26 పాయింట్లు కొట్టే మనిషి లేకపోతే టీమ్ ఏమవుతుందో కళ్లారా చూశాం.

ఇక 2024 ఏప్రిల్ 17. మనకి శ్రీరామనవమి. ఇంట్లో అమ్మ పానకం, వడపప్పు పనిలో ఉంది, మేమిద్దరం తెల్లారకముందే లేచి సౌండ్ తగ్గించి కూర్చున్నాం. లేకర్స్‌తో ప్లే-ఇన్, న్యూ ఆర్లీన్స్‌లో. ఆ సీజన్ 70 మ్యాచ్‌లు ఆడి వచ్చాడు, టీమ్ 49 గెలిచింది, ఆయన జీవితంలో మొదటిసారి ప్లేఆఫ్స్ గుమ్మం దాకా వచ్చాడు. 40 పాయింట్లు, 11 రీబౌండ్లు. లెబ్రాన్, డేవిస్ ఇద్దరూ ఎదురుగా ఉన్నా ఆపలేకపోయారు. మూడు నిమిషాలు పైచిలుకు మిగిలుండగా డ్రైవ్ చేసి స్కోరు సమం చేశాడు, వెనక్కి పరిగెత్తుతూ ఎడమ తొడ పట్టుకున్నాడు, టవల్ విసిరికొట్టి లోపలికి వెళ్లిపోయాడు. 110-106, ఓడిపోయారు. మూడ్రోజుల తర్వాత ఆయన లేకుండానే సాక్రమెంటో మీద గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, ఓక్లహోమా చేతిలో నాలుగుకి నాలుగూ పోయాయి. ఆరు సీజన్లయింది, ఆయన ఇప్పటిదాకా ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు. ఆ పొద్దున మా వాడు పానకం తాగకుండా స్కూలుకి సెలవు కదా అని పోయి పడుకున్నాడు.

అయినా ఉంచుకోవాలనే అంటాను. ఎందుకో చెప్తా, ముందు వదిలేయమనేవాళ్ల మాట కూడా న్యాయంగా వినాలి.

వాళ్ల మొదటి మాట గ్రెగ్ ఓడెన్. 2007 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌తో పోర్ట్‌లాండ్ ఇతన్ని తీసుకుంది, రెండో పిక్‌తో వేరే టీమ్‌కి వెళ్లినవాడు కెవిన్ డ్యూరాంట్. ఓడెన్ మోకాలికి మైక్రోఫ్రాక్చర్ ఆపరేషన్‌తో మొదటి ఏడాది మొత్తం పోయింది, టీమ్ అయిదేళ్లు ఎదురుచూసింది, చివరికి 2012లో వదులుకుంది, ఆయన కెరీర్ మొత్తం 105 మ్యాచ్‌లు. అదే టీమ్ బ్రాండన్ రాయ్‌కి 2009లో పెద్ద కాంట్రాక్ట్ ఇస్తే రెండేళ్లకే మోకాళ్ల వల్ల రిటైరయ్యాడు. ఒకే ఊళ్లో రెండు గుండెకోతలు.

రెండో మాట ఇంకా బలమైంది, ఎందుకంటే ఇది ఇప్పుడు పెలికన్స్‌ని నడిపే మనిషి గురించే. ఈ ఏప్రిల్‌లో డేవిడ్ గ్రిఫిన్‌ని తీసేసి జో డూమార్స్‌ని తెచ్చారు. డూమార్స్ డిట్రాయిట్‌లో ఆటగాడిగా 1989, 1990 టైటిళ్లు గెలిచినవాడు, 2000లో అదే టీమ్‌కి పెద్ద ఆఫీసరయ్యాడు. అప్పటికి డిట్రాయిట్‌లో గ్రాంట్ హిల్ ఉన్నాడు, ఆ తరంలో అందరికీ నచ్చిన ఆటగాడు, ఆ వసంతంలోనే ప్లేఆఫ్స్‌లో చీలమండ విరిగింది. హిల్ ఓర్లాండో వెళ్తానంటే డూమార్స్ ఊరికే పంపకుండా బదులుగా ఇద్దర్ని తీసుకున్నాడు, వాళ్లలో ఒకడు బెన్ వాలెస్. హిల్ ఓర్లాండోలో మొదటి నాలుగు సీజన్లలో కలిపి ఆడింది 47 మ్యాచ్‌లు. బెన్ వాలెస్ మీద కట్టిన టీమ్ 2004లో టైటిల్ కొట్టింది. గాయాలున్న స్టార్‌ని వదిలేస్తే ఎంత లాభమో ఈ భూమ్మీద డూమార్స్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

కానీ ఆ కథలో అసలు కీలకం ఏంటంటే, ఓర్లాండో వాళ్లు హిల్ కోలుకుంటాడని నమ్మారు. నమ్మినవాడు ఉన్నాడు కాబట్టే రేటు పలికింది. ఇప్పుడు జయాన్‌ని అలా నమ్మే టీమ్ ఏది? ఆయన మెడికల్ ఫైలు మొత్తం లీగ్ అంతా చదివేసింది. ఇవాళ అమ్మకానికి పెడితే వచ్చేవి ఎవరో వద్దనుకున్న కాంట్రాక్టులు, చివర్లో పడే పిక్‌లు. చేతిలో ఉన్న వస్తువు రేటు అడుగంటినప్పుడు అమ్మేవాడు వ్యాపారం చేసినట్టు కాదు. ఆయన వేరే ఊళ్లో 65 మ్యాచ్‌లు ఆడితే ఇక న్యూ ఆర్లీన్స్ జనం ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె.

ఇంకోటి, ఆ ఊరు ఎలాంటిదో చూడాలి. లీగ్‌లో చిన్న మార్కెట్లలో ఒకటి, పెద్ద స్టార్ ఎవడూ తనంతట తాను సూట్‌కేస్ సర్దుకుని అక్కడికి రాడు. క్రిస్ పాల్ 2011లో వెళ్లిపోయాడు, ఆంటొనీ డేవిస్ 2019లో పంపించమని అడిగి లేకర్స్‌కి వెళ్లాడు. అలాంటి ఊరికి జయాన్ స్థాయి ఆటగాడు రావాలంటే డ్రాఫ్ట్ ఒక్కటే దారి. ఆ దారి కూడా ఇప్పుడు సగం మూసుకున్నారు, ఈ జూన్‌లో డెరిక్ క్వీన్ అనే కొత్త కుర్రాడి కోసం 2026 ఫస్ట్ రౌండ్‌లో తమ పిక్, మిల్వాకీ పిక్ రెండిట్లో ఏది ముందొస్తే అది ఏ షరతూ లేకుండా అట్లాంటా చేతికి ఇచ్చేశారు. కాబట్టి ఈ సీజన్ ఓడిపోయి కొత్త పిల్లాణ్ణి తెచ్చుకుందాం అనే మాటే లేదు, ఓడితే లాభం అట్లాంటాకి. ఓడిపోవడం వల్ల ఏమీ రాని టీమ్ తన దగ్గరున్న బెస్ట్ ఆటగాణ్ణి ఎందుకు పంపాలి?

డబ్బు సంగతి. 2022లో అయిదేళ్ల ఎక్స్‌టెన్షన్ సంతకం చేశాడు, 193 మిలియన్ డాలర్లు, ఆల్-ఎన్‌బీఏ (సీజన్ బెస్ట్ ఆటగాళ్ల లిస్టు) లాంటివి వస్తే ఇంకా పెరిగేది. 2027-28 దాకా ఉంది, ఈ సీజన్‌కి దాదాపు 39 మిలియన్లు. వినడానికి భయంగా ఉంటుంది. కానీ మామూలు మాక్స్ కాంట్రాక్ట్‌లా, అంటే రూల్స్ ఒప్పుకున్నంత గరిష్ట డబ్బు ఇచ్చే కాంట్రాక్ట్‌లా, ఇది పూర్తి గ్యారంటీ కాదు, బరువు చెకప్‌లు, ఆడిన మ్యాచ్‌ల సంఖ్య వీటిని బట్టి డబ్బు గ్యారంటీ అయ్యేలా షరతులు పెట్టుకున్నారు. పోర్ట్‌లాండ్‌కి రాయ్ విషయంలో ఆ రక్షణ లేదు. అంటే రిస్క్ ఇద్దరూ పంచుకున్నారు, మరీ చెడిపోతే తర్వాత కూడా తప్పుకునే తలుపు టీమ్ వైపే ఉంది. అలాంటప్పుడు ఇవాళే తొందరపడి పొమ్మనడం దేనికి.

ఇక ఓడెన్‌కీ ఈయనకీ తేడా. ఓడెన్‌వి ఎక్కువగా మోకాళ్లే, లోపలి మెత్త పోయిన కీళ్లు, వాటిని కొత్తవి చెయ్యలేరు. జయాన్ మోకాలు 2019 తర్వాత పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. పాదం ఎముక అతుక్కుంది, 70 మ్యాచ్‌ల సీజన్ అది అతుక్కున్నాకే వచ్చింది. మిగిలింది హామ్‌స్ట్రింగ్. అది మొండిది, ఒకసారి పట్టేస్తే మళ్లీ పట్టేయడం మామూలు, పూర్తి వేగంలో కాలు ముందుకి విసిరి నేలకి ఆనించే క్షణంలో ఆ కండరం సాగుతూనే బ్రేక్ వెయ్యాలి, 129 కేజీలకి బ్రేక్. కానీ అది బలం పెంచుకుంటూ, నిమిషాలు చూసుకుంటూ, వరస రోజుల్లో ఆడకుండా అదుపులో పెట్టుకోగల జబ్బు. స్టెఫెన్ కర్రీ చీలమండలు గుర్తుందా, 2011-12లో 66 మ్యాచ్‌ల సీజన్‌లో 26 ఆడాడు, రెండేళ్లలో రెండు ఆపరేషన్లు. అప్పుడు గోల్డెన్ స్టేట్ మాంటా ఎల్లిస్‌ని పంపించి, కర్రీని ఉంచుకుని, నాలుగేళ్లకి 44 మిలియన్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. జనం మండిపడ్డారు. తర్వాత వాళ్ల ట్రైనర్లు చీలమండ ఒక్కటే చూడకుండా నడుము, తుంటి దగ్గర బలం పెంచారు, బరువంతా చీలమండ మీద పడకుండా. నాలుగు టైటిళ్లు వచ్చాయి. ఎంబీడ్ మొదటి రెండేళ్లు అసలు ఆడనే లేదు, మూడో ఏడాది 31 మ్యాచ్‌లు, ఫిలడెల్ఫియా అయినా పెద్ద కాంట్రాక్ట్ ఇచ్చింది, 2023లో ఎంవీపీ, అంటే సీజన్ బెస్ట్ ఆటగాడు, అయ్యాడు. ఆ తర్వాత మళ్లీ మోకాలు, పోయిన సీజన్ 19 మ్యాచ్‌లే, అది కూడా దాచకుండా చెప్పాలి. ఉంచుకున్నంత మాత్రాన టైటిల్ రాదు. వదిలేసుంటే మాత్రం ఆ మధ్యలో వచ్చిన ఏడెనిమిదేళ్లు వాళ్లకి ఉండేవి కాదు.

నేను దీన్ని ఇంత గట్టిగా పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. మా కాలేజీ టీమ్‌లో ఒక పివట్ ఉండేవాడు, సిమెంటు కోర్టు మీద ఆడి ఆడి మోకాలు పాడుచేసుకున్నాడు. యూనివర్సిటీ టోర్నమెంట్‌కి పేర్లు రాసేటప్పుడు మేమంతా వాడి బదులు ఇంకొకణ్ణి తీసుకుందాం సార్ అన్నాం. మా పీడీ సారు ఒప్పుకోలేదు. "వాడు మొత్తం ఆడక్కర్లేదురా, మనకి కష్టమొచ్చినప్పుడు పది నిమిషాలు ఆడితే చాలు" అన్నారు. నిజంగానే అలాగే ఆడించారు, మొదటి హాఫ్ బెంచ్ మీద కూర్చోబెట్టి, రెండో హాఫ్‌లో ఎనిమిది నిమిషాలు, పది నిమిషాలు. ఆ ఏడాది సెమీస్ దాకా వెళ్లాం. వాడు మూడు మ్యాచ్‌లూ నడుచుకుంటూనే బయటికొచ్చాడు. పెలికన్స్ తప్పు జయాన్‌ని ఉంచుకోవడంలో లేదని, ఆయన ఉంటే అంతా ఆయనే చూసుకుంటాడని మిగతా టీమ్‌ని సరిగ్గా కట్టుకోకపోవడంలో ఉందని అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు అనిపిస్తుంది. 2021-22లో ఆయన ఒక్క మ్యాచ్ ఆడకపోయినా మెకాలమ్, ఇంగ్రమ్, హెర్బ్ జోన్స్ కలిసి ఫీనిక్స్ మీద రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు గెలిచారు. ఆ టీమ్‌కి పైన జయాన్‌ని కలపాలి. కానీ ఇంగ్రమ్ టొరాంటో వెళ్లిపోయాడు, మెకాలమ్ వాషింగ్టన్ వెళ్లిపోయాడు, డిజాంటే మర్రేకి మడమ వెనకుండే అకిలీస్ తెగింది, పోయిన సీజన్ 21 గెలిచి 61 ఓడారు. ఇప్పుడు ట్రే మర్ఫీ, హెర్బ్ జోన్స్, కొత్తగా వచ్చిన ఫియర్స్, క్వీన్, జోర్డన్ పూల్. బాల్ మొదట వీళ్ల చేతుల్లో ఉండాలి. జయాన్‌కి మ్యాచ్‌కి 28 నిమిషాలు చాలు, వరస రెండ్రోజులుంటే ఒక రోజు వద్దు. లీగ్ స్టార్లని ఊరికే కూర్చోబెట్టకూడదని రూల్ పెట్టింది నిజమే, అవార్డులకి 65 మ్యాచ్‌లు ఆడాలన్నారు, కానీ గాయాల చరిత్ర ఉన్నవాడికి వరస రోజుల్లో ఒక రోజు విశ్రాంతి కావాలని టీమ్ ముందుగానే లీగ్‌ని అనుమతి అడగొచ్చు. అవార్డులు పోతే పోనీ. ఏప్రిల్‌లో నిలబడి ఉండాలి, అంతే.

ఈ సెప్టెంబర్‌లో మీడియా డే నాడు చూశా, బాగా తగ్గాడు, మొహం చిన్నదైంది.  అక్టోబర్‌లో సన్నబడటం కొత్త కాదు, ఇంతకుముందూ చూశాం, ఇంతకుముందూ ఆశపడ్డాం. నేను దీని మీద పెద్దగా ఏమీ కట్టను. నా లెక్క ఆయన సన్నబడ్డాడా అనే దాని మీద లేదు, ఆయన్ని ఎలా వాడతారు అనే దాని మీద ఉంది.

జులైలో మా వాడికి కాలు బెణికింది, జోనల్ సెలక్షన్స్‌కి పది రోజుల ముందు. రెండు వారాలు కట్టు. తగ్గాక వెళ్తే టీమ్ లిస్టులో పేరు లేదు, వచ్చే ఏడాది చూద్దాం అన్నారట. రెండ్రోజులు ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి నా గదికొచ్చి "మామయ్యా, జయాన్‌ని కూడా ఇలాగే తీసేస్తారా?" అన్నాడు. వాడికి కాంట్రాక్టులూ పిక్‌లూ అట్లాంటా సంగతీ అన్నీ వివరించా, పైన మీకు రాసిందంతా మొదట వాడికి చెప్పిందే. మొత్తం విని "అయితే ఉంచుకోవడమే కరెక్ట్ కదా" అన్నాడు. అవును నాన్నా అన్నా. మర్నాటి నుంచి పొద్దున మేడ మీద ఒంటికాలి మీద నిలబడే ఎక్సర్‌సైజులు చేస్తున్నాడు, ఫిజియోథెరపీ మేడమ్ చెప్పినవి, రోజుకి మూడు సెట్లు, ఇప్పటిదాకా ఒక్కరోజు మానలేదు.

యాప్ గురించి చివరి మాట. ఒక్క ఆటగాడి కోసం కొనేట్టయితే సీజన్ మొత్తానికి ఒకేసారి కట్టకుండా నెలవారీ ప్లాన్ దొరుకుతుందేమో చూసుకోండి, ఆయన దెబ్బ తగిలి కూర్చున్న నెలల్లో ఆపేయొచ్చు. అది తెలివైన పని. నేను మాత్రం మళ్లీ సీజన్ మొత్తానికే కట్టా, నిన్న రాత్రి. టీమ్ ఆయన్ని ఉంచుకోవాలని ఇంత రాసి, నేను నెలనెలా చూసుకుని కడతానంటే మా వాడి ముందు బాగోదు. మొదటి మ్యాచ్ మెంఫిస్‌లో, మనకి గురువారం పొద్దున. అలారం అయిదుంపావుకి పెట్టాం.